తొట్టిలో దిగిన సాంచె చీల

జగిత్యాలలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో, కిటికీ పక్కన, మంచం కన్నా పొడవైన చెక్క తొట్టి ఒకటి ఉంది. ముందువైపు అద్దం, మిగతా మూడు వైపులా ప్లైవుడ్. దాని చుట్టూ నడుముకు దట్టీ కట్టినట్టు టేకు పట్టీలు, ఆ పట్టీల నిండా మేకులు. మేకును మా వైపు మొల అంటాం కాబట్టి ఇక నుంచి నేను అలాగే రాస్తాను. నా దగ్గర వడ్రంగం నేర్చుకుని ఇప్పుడు సొంతంగా కార్ఖానాలు పెట్టుకున్న వాళ్లు అప్పుడప్పుడు ఆ ల్యాబుకు బల్లలు బాగు చేయడానికి వెళ్తుంటారు. వెళ్లొచ్చి నాకు ఫోన్ చేస్తారు. "సార్, గా తొట్టికి గన్ని మొలలు ఏ పిచ్చోడు కొట్టిండు సార్?" అని అడుగుతారు. "ఒక్క పిచ్చోడు కాదు, సగం జిల్లా కొట్టింది" అంటాను.

వాళ్లు మొలలే చూస్తారు. అద్దం పక్కన, కింది మూలలో, అరచేయంత అతుకు ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు. ఒకప్పుడు అక్కడ సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక ఇనుప చీల దిగి ఉండేది. అది ఉంటే తొట్టిలో నీళ్లు నిలవవు. దాన్ని తీయనని ఒక తల్లికి నేను మాటిచ్చాను. నా ముప్పై ఏళ్ల నౌకరీలో ఎన్నో తలుపులు, బల్లలు, కుర్చీలు చేయించాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే వాటిలో ఒక్కటీ గుర్తు రాదు. ఈ తొట్టి మాత్రం గుర్తొస్తుంది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆఫీసులకు తాళాలు, బస్సులన్నీ డిపోల్లో, బళ్లు బంద్. నేను ఐటీఐలో వడ్రంగం ఇన్‌స్ట్రక్టర్‌ని. మా సంఘం కూడా సమ్మెలో ఉంది. రోజూ పొద్దున్నే తయారై, డ్యూటీకి పోయినంత పద్ధతిగా రోడ్డు పక్కన శిబిరానికి పోయి కూర్చునేవాళ్లం. ఇంట్లో ఉంటే పనులు చెప్తారన్న భయం కూడా కొంత ఉండేది.

ఆ ఉద్యమంలో ఒక పద్ధతి ఉండేది. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు కాబట్టి చెప్తున్నాను. ఎవరి పనిని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి, నలుగురిలో చేసేవాళ్లు. అదే నిరసన. క్షౌరశాలల వాళ్లు నడిరోడ్డు మీద కుర్చీ వేసి గడ్డాలు గీశారు. దర్జీలు మిషన్లు తెచ్చి రోడ్డు మీద కుట్టారు. ఆడవాళ్లు కట్టెల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు, అందరికీ అక్కడే వడ్డించారు. అలా తిరిగి తిరిగి మా ఐటీఐ వంతు వచ్చింది. నేనేమో రెండు కుర్చీలు, ఒక స్టూలు చేసి చూపిస్తే సరిపోతుందనుకున్నాను.

కాలేజీ జువాలజీ మేడం ఒప్పుకోలేదు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు, కానీ అనుకున్నది చేయించకుండా వదలదు. "స్టూలు ఎవరు చూస్తరు సార్? పొద్దున లేస్తె నీళ్లు, మా నీళ్లు అని మైకుల మొత్తుకుంటున్నం గదా. గా నీళ్లు ఎట్లుంటయో ఒక్కసారన్న చూపెట్టినమా? గోదావరి నీళ్లు, అండ్ల గోదావరి చేప. పెద్ద తొట్టి చెయ్యుండ్రి. సమ్మె అయినంక మా ల్యాబుకు తీసుకపోత" అంది.

అంత పెద్ద అద్దాల తొట్టి కావాలంటే హైదరాబాద్ నుంచి రావాలి. లారీలు లేవు. ఊళ్లో ప్లైవుడ్ ఉంది, ఒక బట్టల దుకాణం సేటు తన షోకేసుకున్న మందపాటి అద్దం ఊడదీసి ఇచ్చాడు. నేను సరేనన్నాను. నాకు నీళ్ల తొట్టి చేయడం రాదన్న సంగతి అప్పటికి నాకు తోచలేదు. బీరువా చేసినవాడికి తొట్టి ఎంత పని అనుకున్నాను. బీరువాలో బట్టలు కిందికి బరువు వేస్తాయి, పక్కలను తోయవు. నీళ్లు అలా కాదు. అన్ని పక్కలా తోస్తాయి, కిందికి పోయిన కొద్దీ గట్టిగా తోస్తాయి. ఒక్క అద్దం విషయం మాత్రం మేడం ముందే చెప్పింది. అద్దాన్ని బయటి నుంచి కాక లోపలి నుంచి బిగించాలి, అప్పుడు నీళ్లే దాన్ని చట్రానికి అదిమి పట్టుకుంటాయి.

అసలు తంటా మా శిబిరం కన్వీనర్‌తో వచ్చింది. రెవెన్యూ ఆఫీసులో పెద్ద గుమస్తా. బదిలీల విషయంలో ఆయనకు తెలియని కిటుకు లేదు. ఎవరిని ఎక్కడికి వేస్తారో ఆర్డరు టైపు కాకముందే చెప్పేవాడు. మైకు ఒకసారి ఆయన చేతికి వస్తే తిరిగి స్టాండుకు పోయేది కాదు. నేను రోడ్డు మీద ప్లైవుడ్ కోసి, మూలలు జిగురుతో అతికించి, స్క్రూలు బిగించే సమయానికి సంఘీభావం చెప్పడానికి లాయర్ల సంఘం వాళ్లు వచ్చారు. కన్వీనర్ వాళ్ల మెడల్లో కండువాలు వేసి, నా చేతిలో సుత్తె లాక్కుని, లాయర్ల పెద్ద చేతిలో పెట్టాడు. "మన తెలంగాణ తొట్టికి ఒక మొల మీ వంతు!" అని మైకులో అరిచాడు. ఆయన కొట్టాడు. చప్పట్లు.

"సార్, గిది ప్లైవుడ్ సార్. మొల కొడితే పొరలు ఇచ్చుకుంటయి" అని నేను మొత్తుకున్నాను.

"అరె, ఒక్క మొలకు ఏమైతది సార్?" అన్నాడు కన్వీనర్.

ఒక్క మొలతో ఆగితే నేను ఇది రాయాల్సిన పని లేదు. లాయర్లు కొట్టారని తెలిసి డాక్టర్లు వచ్చారు. మెడికల్ షాపుల వాళ్లు, పాల వ్యాపారులు, పెన్షనర్లు, అంగన్‌వాడీ టీచర్లు వచ్చారు. ధర్మపురి నుంచి పురోహితులు వచ్చి మొలకు కుంకుమ పెట్టి మరీ కొట్టారు. మేడిపల్లి రైతులు ట్రాక్టరు కట్టుకుని వచ్చారు. కొందరు వంకరగా కొట్టారు, కొందరు వేలు మీద కొట్టుకున్నారు. నా స్క్రూలు ఎక్కడున్నాయో కనిపించనంతగా తొట్టి మొలలతో నిండిపోయింది. నేను రోజూ అరిచేవాణ్ణి. వినేవాళ్లకు అది కూడా ప్రదర్శనలో భాగం అయిపోయింది. "ఇన్‌స్ట్రక్టర్ సారుకు కోపమచ్చింది" అని నవ్వేవాళ్లు.

సిరిసిల్ల నేతకార్మికులు వ్యానులో వచ్చిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. తాము నేసిన తెల్ల బట్ట తాన్లు కొన్ని శిబిరానికి కానుకగా తెచ్చారు. వాళ్ల మధ్య ఒకామె ఉంది, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. కన్వీనర్ మొల ఇవ్వబోతే వద్దని, కొంగు ముడి విప్పి ఒక ఇనుప చీల తీసింది. వేలంత పొడవు, ఒక కొస లావు, ఒక కొస సన్నం. పవర్‌లూమ్‌ను సిరిసిల్లలో సాంచె అంటారు. ఆ చీల సాంచెది, కడ్డీకి చక్రాన్ని పట్టి ఉంచేది.

"నా కొడుకుది సారూ" అంది ఆమె. "జగిత్యాల పోత, గా తొట్టికి నేను గూడ కొడుత అన్నడు. జరమచ్చింది. బస్సుల్లేకపాయె. ఆటో దొరికి కరీంనగర్ తీసుకపోయేసరికి అయిపోయింది. వాని వంతు నేను కొడుత."

కన్వీనర్ మైకు కింద పెట్టేశాడు. శిబిరంలో మా వరసలోనే ఒక బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. సమ్మె మొదటి రోజు నుంచి ఒక్కపూట కూడా మానకుండా వచ్చినవాడు. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, టెంటు వెనక్కి పోయాడు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. సమ్మె తప్పని ఆమె అనలేదు, మేమూ అనుకోలేదు. అయినా ఆ మధ్యాహ్నం ఎవరికీ అన్నం సరిగ్గా దిగలేదు.

ఆమె అద్దం పక్కన, కింది మూల చూసుకుని, చీల పెట్టి కొట్టింది. లావు చీల. ప్లైవుడ్ పొరలు పట్‌మని విచ్చుకోవడం నాకు వినపడింది. నోరు తెరవడానికి నాకు మనసు రాలేదు. సుత్తె నా చేతికిస్తూ ఆమె అడిగింది.

"గిది తియ్యరు గదా సారూ?"

"తియ్యనక్కా" అన్నాను.

తర్వాత రెండు రోజులకు ట్యాంకరు తెప్పించి తొట్టిలో మొదటిసారి బోరునీళ్లు పోశాం. జానెడు నిండేసరికి ప్రతి మొల మొదట్లో ఒక చుక్క. మోకాలెత్తు వచ్చేసరికి తొట్టి జల్లెడ. వెనక పలక పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చింది. కన్వీనర్ దాన్ని చేత్తో తడిమి, "కొంచెం పొట్టచ్చింది, అంతే గదా. మన యూనియన్ల ఎవనికి లేదు?" అన్నాడు. ఆయన మాట ముగియకముందే సాంచె చీల దగ్గర నీళ్లు పిచికారీలా కొట్టి ఆయన ప్యాంటు తడిపాయి. శిబిరమంతా విరగబడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

మొలలన్నీ పీకాలని నేనన్నాను. కన్వీనర్ ఆ ఒక్కటీ కుదరదన్నాడు. "లాయర్ల మొల పీకితే రేపు లాయర్లకు నేనేం జెప్పాలె? మీకేం సార్, మీరు కట్టెతోని మాట్లాడుతరు, నేను సంఘాలతోని మాట్లాడాలె" అన్నాడు. నేనూ నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. మేడం ఇద్దరి మధ్యా నిలబడి, కోరుట్ల నుంచి ఒక మనిషిని పిలిపిస్తానంది.

ఆ కోరుట్ల మనిషి గల్ఫ్‌లో చాలా ఏళ్లు ఫైబర్ ట్యాంకులు చేసి తిరిగొచ్చి, ఇక్కడ కూలర్ తొట్లు, బాత్రూమ్ తలుపులు చేసేవాడు. మహా గొప్పలు పోయేవాడు. తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దుబాయిల గిట్ల చేస్తె సీదా విమానం ఎక్కిస్తరు" అన్నాడు. లోపలంతా రెసిన్ జిగురు పూసి, దాని మీద గాజునార పరిచి, మళ్లీ రెసిన్ పూస్తే చెక్కకు నీళ్లు తగలవని చెప్పాడు. రెసిన్ ఆయన దగ్గర మిగిలి ఉంది. గాజునార ఎక్కడుంది? హైదరాబాద్‌లో. లారీలు? లేవు. మేడం వెళ్లి సిరిసిల్ల తాన్లు తెచ్చి ఆయన ముందు పడేసింది. నూలుబట్టతో ఫైబర్ పని ఎవడన్నా చేస్తాడా అని ఆయన కాసేపు నవ్వాడు. తర్వాత ఒక చిన్న చెక్క మీద అతికించి చూసి, మరునాడు దాన్ని రాయికేసి కొట్టి చూసి, నవ్వడం మానేశాడు.

"లోపలిది నేను చూసుకుంట. పొట్ట రాకుంట చూసుడు మీ పని" అని నాతో అన్నాడు. పొట్ట రాకుండా ఉండాలంటే బయట పట్టీలు కట్టాలి. టేకు పట్టీలు కోసి, మూలల్లో ఒకదానిలో ఒకటి కూర్చుండేలా చేసి, బోల్టులు బిగించాలి. కింద నీళ్ల తోపుడు ఎక్కువ కాబట్టి అక్కడ రెండు పట్టీలు దగ్గర దగ్గరగా, పైన ఒకటి. ఆ పట్టీలను నీళ్లు ముట్టుకోవు. వాటికి ఎన్ని మొలలు కొట్టినా ఒక్క చుక్క కారదు. ఆ మాట నా నోట్లోంచి రాగానే కన్వీనర్ కళ్లు మెరిశాయి.

ఆ సాయంత్రం ఆయన మైకులో చేసిన ప్రకటన ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుని నవ్వుతారు. "సంఘాల పెద్దలకు మనవి. మీ మొలలు డిస్మిస్ కాలేదు. ప్లైవుడ్ నుంచి టేకుకు ట్రాన్స్‌ఫర్ అయినయి. సర్వీసుకు భంగం లేదు. ఎవరి మొల వాళ్లు అచ్చి కొట్టుకోవచ్చు." అందరూ మళ్లీ వచ్చారు. లాయర్లు ఈసారి ఏ చెక్కకు, ఏ ఎత్తులో అని వాదించుకుని మరీ కొట్టారు. నా అరుపులు తగ్గాయి. కన్వీనర్‌కు నేను టీ చెప్పి తాగించాను.

సాంచె చీల ఒక్కటే మిగిలింది. కోరుట్ల మనిషి దాని పక్కన కూర్చుని తల అడ్డంగా ఊపాడు. దాని మీదుగా బట్ట అతికిస్తే ఇనుము కదిలినప్పుడల్లా అతుకు విడుస్తుందన్నాడు. తీసేసి, విచ్చుకున్న పొరలను రెసిన్‌తో నింపితేనే ఆ మూల నిలుస్తుంది.

"తీసి పట్టీకి కొట్టుండ్రి. ఆమెకేం తెలుస్తది?" అన్నాడు కన్వీనర్.

"నాకు తెలుస్తది గదా సార్" అన్నాను.

మరునాడు కోరుట్ల మనిషి బండి మీద ఇద్దరం సిరిసిల్ల బయల్దేరాం. కొడిమ్యాల దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్ల కొమ్మలు వేసి కుర్రాళ్లు ఆపారు. బంద్ రోజు ఎక్కడికని గద్దించారు. "ఒక సీల తియ్యచ్చా అని అడుగనీకి పోతున్నం" అని నిజమే చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు "పాపం పెద్దమనిషి, ఎండ దెబ్బ తగిలినట్టుంది" అని నీళ్ల సీసా ఇచ్చి కొమ్మ పక్కకు జరిపాడు.

బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి కాబట్టి కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మేం చేరే సమయానికి వచ్చి ఉంది. సందులో అడుగు పెడితే ఇంటింటికీ సాంచెల చప్పుడు, పక్కవాడి మాట వినపడదు. ఆమె ఇల్లు మాత్రం చప్పుడు లేకుండా ఉంది. ముందు గదిలో ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల గదిలో దుమ్ము పట్టిన సాంచె, దానికి సగం నేసిన బట్ట అలాగే వేలాడుతోంది. ఆమె కూతురు గోడ వారన కూర్చుని పక్కింటి వాళ్ల కోసం నూలు కండెలు చుడుతోంది.

నన్ను చూసి ఆమె లేవబోయింది. వద్దన్నాను.

"తొట్టి నిండిందా సారూ?" అని అడిగింది.

దారంతా నేను కూర్చుకున్న మాటలు ఆ ఒక్క ప్రశ్నతో ఎటో పోయాయి. "నిండలే అక్కా" అన్నాను. మొలల సంగతి, పొరల సంగతి, పట్టీల సంగతి చెప్పాను. కోరుట్ల మనిషి దుబాయి మాట ఎత్తకుండా పక్కన నిలబడ్డాడు. ఆమె చెయ్యి ఆగలేదు. ఆకు చుట్టడం, దారం కట్టడం, చాటలో వేయడం.

"నా కొడుకు సీల కాడనే కారుతుందా?"

"అన్నిట్ల కారింది అక్కా. మిగతయి తీసినం. గిదొక్కటి మీకు చెప్పకుంట తియ్యలే."

"మాటిచ్చిన్నని గింత దూరం అచ్చినవా?"

"అవునక్కా."

అప్పుడు చెయ్యి ఆపింది. చాట పక్కకు పెట్టి వీధిలోకి తిరిగింది. నేను వద్దనే అంటుందనుకున్నాను. అంటే ఏం చేయాలో నాకు తెలియదు. తొట్టిని అలాగే ఎండబెట్టి మేడంకు దండం పెట్టడమే.

"వాడు నీళ్లకు అడ్డమస్తడా సారూ?" అంది చివరికి. "ఒక్కకాడ ఆగి ఉండుమంటె ఉండెటోడే గాదు. తియ్యుండ్రి. కని మీరు తియ్యకుండ్రి. నేను కొట్టిన, నేనే అచ్చి తీస్త."

బండి దగ్గరికి వచ్చాక వెనక అడుగుల చప్పుడైంది. కూతురు. ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"సారూ, గా సీల తీసినంక యాడన్న పారెయ్యకుండ్రి. గది లేక సాంచె నడుస్తలేదు."

"గసొంటిది బజార్ల దొరుకుతది గదా బిడ్డా?"

"దొరుకుతది. కని అవ్వ ఎక్కియ్యనిస్తలేదు. అన్న సాంచె మీద ఇంకెవరు చెయ్యి పెట్టద్దని గా సీలనే గుంజి మీ కాడ కొట్టింది. నాకు నడుపుడు వస్తది. అన్ననే నేర్పిండు. నేను అడిగితె ఏడుస్తది. ఇగ అడుగుడు ఇడిసిపెట్టిన."

తిరిగొస్తుంటే దారంతా నాకు ఆ పిల్ల మాటలే. ఒక తల్లికి కొడుకు గుర్తును తీసేస్తున్నానని నేను భయపడుతూ వెళ్లాను. ఆ గుర్తు అక్కడ దిగి ఉన్నన్నాళ్లూ సిరిసిల్లలో ఒక సాంచె ఆగి ఉంటుందని, దాని ముందు ఒక ఆడపిల్ల పక్కింటి కండెలు చుట్టుకుంటూ కూర్చుంటుందని నాకేం తెలుసు? కూతురు చెప్పిన మాటను తల్లితో నేను అనకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. అది వాళ్లిద్దరి మధ్య సంగతి.

ఆమె రెండు రోజుల తర్వాత నేతకార్మికుల వ్యానులో వచ్చింది. నేను కటింగ్ ప్లయర్ తీసుకుని చీల పట్టుకుని లాగాను. కదల్లేదు. ఆమె నా చెయ్యి పక్కకు జరిపింది. "సన్న కొస మీద కొట్టాలె సారూ, లోపటి నుంచి" అని, చీర కుచ్చిళ్లు దోపుకుని, స్టూలు మీద నుంచి తొట్టిలోకి దిగింది. శిబిరంలో అందరం అద్దం ముందు చేరాం. చేపలు ఉండాల్సిన చోట ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చిన్న సుత్తెతో రెండు దెబ్బలు వేసింది. చీల ఊడి, బయట రోడ్డు మీద ఖంగుమని పడింది.

ఆమె వెంటనే లేవలేదు. ఆ రంధ్రంలోంచి బయటి వెలుగు ఆమె చేతి మీద పడుతోంది. దాన్ని చూస్తూ అలాగే కూర్చుంది. ఎవరూ తొందర పెట్టలేదు. కింద పడ్డ చీలను ఆ బస్సు డ్రైవరు ఏరి, తన కండువాతో తుడిచి, ఆమె పైకి లేచాక రెండు చేతులతో అందించాడు. ఆమె తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

"అన్నం తిన్నవా బిడ్డా?" అని ఆయన్ని అడిగింది. ఆయన తల ఊపాడు. అబద్ధమే అది, నాకు తెలుసు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

కోరుట్ల మనిషి ఆ మూలలో పొరలను రెసిన్‌తో నింపి, సిరిసిల్ల బట్ట ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించాడు. ఆరడానికి ఒక రోజు పడుతుందన్నాడు. ఆ రాత్రికి ఆమెను మేడం తన ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు ధర్మపురి నుంచి ట్రాక్టరు ట్యాంకరులో గోదావరి నీళ్లు వచ్చాయి. పైపు తొట్టిలో వేశాక నేను మూలల బోల్టులన్నీ మళ్లీ తడిమి చూశాను. ఆమె కింది మూల దగ్గర నేల మీద కూర్చుని అతుకు మీద అరచెయ్యి పెట్టింది. నీళ్లు జానెడు లేచాయి. అతుకును దాటాయి. మొదటిసారి పొట్ట ఉబ్బిన ఎత్తుకు వచ్చాయి. కింది పట్టీ ఒక్కసారి కిర్రుమంది. నేను పరుగెత్తి మూల బోల్టు పట్టుకున్నాను. పట్టీ మొలలతో సహా బిగుసుకుని నిలబడింది. అద్దం చట్రానికి ఒత్తుకుంది.

నేను ఆమె వైపు చూశాను. ఆమె చెయ్యి తీసి, అరచెయ్యి తిప్పి నాకు చూపించింది.

"పొడిగనే ఉన్నది సారూ."

జనం అరిచిన అరుపుకు కరెంటు తీగల మీద పిట్టలు లేచిపోయాయి. కన్వీనర్ నన్ను కావలించుకున్నాడు. కోరుట్ల మనిషి దుబాయి కథలు మళ్లీ మొదలుపెట్టాడు. గోదావరిలో పట్టిన కొర్రమట్టలను మేడం తన చేత్తో తొట్టిలో వదిలింది. కరెంటు ఉన్నా లేకున్నా బతికే చేపలవి, పైకి వచ్చి గాలి పీల్చుకుని పోతాయి. అందుకే వాటిని ఎంచుకుంది. పిల్లలూ పెద్దలూ అద్దానికి ముక్కులు ఆనించారు. ఒక చేప తేలి, బుడగ వదిలి, మళ్లీ అడుక్కి పోయింది. అది చూసి మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

అప్పుడు కన్వీనర్ మైకు అందుకున్నాడు. కింది పట్టీ మీద సరిగ్గా ఆ మూలకు పైన చోటు ఖాళీగా ఉంచానని ఆయనకు తెలుసు. అక్కడ రంధ్రం కూడా వేసి పెట్టాను. సుత్తె ఆమె చేతికిచ్చి, "గిప్పుడు మన సిరిసిల్ల సీల గూడ టేకుకు ట్రాన్స్‌ఫర్ అయితది!" అని అరిచాడు. చప్పట్లు మోగాయి.

ఆమె సుత్తె తీసుకోలేదు. కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని, ఆ ఖాళీ చోటును కాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వద్దు సారూ. దీనికి ట్రాన్స్‌ఫర్ వద్దు. గిది డ్యూటీకి పోతది. సాంచె కాడ నా బిడ్డ కాసుకోని ఉన్నది."

ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన వ్యాను కదిలిపోయాక కన్వీనర్ తనంతట తానే మైకును స్టాండుకు పెట్టాడు. శిబిరంలో అంత మందిమి, పెద్ద నౌకరీలోళ్లం, చిన్న నౌకరీలోళ్లం, అందరం సమ్మెలోనే ఉన్నాం. ఆ సాయంత్రం జగిత్యాల నుంచి డ్యూటీకి పోయింది ఆ చీల ఒక్కటే.